డ్రాప్ చేసిన కాలమ్ నుంచి 4,194 తెలుగు పేర్లు: డీబీసీసీ పేజ్‌తో ఒక ప్రాజెక్టు డైరీ

దశ 0: ఏం జరిగింది, ఏం చేతిలో ఉంది

విశాఖపట్నంలో మేం కొందరం కలిసి నడుపుతున్న గ్రంథాలయానికి 6,184 మంది సభ్యులున్నారు, వారిలో సగానికి పైగా పోటీ పరీక్షలకు చదువుకొనేవారే. సభ్యుల టేబుల్ మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019లో ఉంది. రోజువారీ లావాదేవీలన్నీ సభ్య సంఖ్యతోనూ ఫోన్ నంబరుతోనూ జరిగిపోతాయి, తెలుగు పేరు అవసరమయ్యేది ఏడాదికోసారి గుర్తింపు కార్డులు అచ్చు వేసేటప్పుడు మాత్రమే. జూన్‌లో కార్డుల మొదటి షీటు ప్రింటరులోంచి బయటికి రాగానే మా గ్రంథపాలకులు దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఏటి బాబూ ఇది, పేర్లన్నీ కొక్కేలైపోనాయి!" అన్నారు. ప్రతి పేరు స్థానంలోనూ ప్రశ్నార్థకాల వరుస ఉంది.

తప్పు నాదే. పదకొండు నెలల క్రితం, పేర్లున్న ఎన్‌వార్‌చార్ కాలమ్ (ఏ లిపినైనా యూనికోడ్‌లో, రెండేసి బైట్లుగా దాచే రకం) రెట్టింపు చోటు తింటోందన్న ఆలోచనతో ఈ పని చేశాను:

1. టేబుల్‌కు వార్‌చార్ రకపు (అక్షరాలను డేటాబేస్ కోడ్‌పేజీ ప్రకారం దాచే) కొత్త కాలమ్ చేర్చాను.
2. ఒకే అప్‌డేట్‌తో పాత పేర్లన్నిటినీ అందులోకి ఎక్కించాను.
3. పాత ఎన్‌వార్‌చార్ కాలమ్‌ను డ్రాప్ చేశాను, అంటే టేబుల్ నుంచి తీసేశాను.
4. కొత్త కాలమ్‌కు పాత కాలమ్ పేరు పెట్టాను.

డేటాబేస్ కొలేషన్ (అక్షరాలను దాచే, పోల్చే పద్ధతి) లాటిన్ కోడ్‌పేజీ 1252 అనే అక్షరాల పట్టికకు చెందినది, ఆ కోడ్‌పేజీలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. కాబట్టి రెండో మెట్టులోనే ప్రతి తెలుగు అక్షరమూ ప్రశ్నార్థకంగా మారిపోయింది, సర్వర్ మాత్రం ఏ హెచ్చరికా ఇవ్వలేదు. నేను సరిచూసిన మొదటి పది వరుసలూ ఇంగ్లిషు లిపిలో నమోదైనవి కావడంతో అన్నీ సవ్యంగానే ఉన్నాయనుకొని మూడో మెట్టుకు వెళ్లిపోయాను. పదికి బదులు యాభై వరుసలు చూసి ఉంటే ఈ డైరీ ఉండేది కాదు.

ఇప్పటి లెక్క: మొత్తం 6,184. ఇంగ్లిషు లిపిలో ఉండి చెడిపోనివి 846. ప్రశ్నార్థకాలైనవి 5,338.

దశ 1: ముందు ఏం చేయకూడదో

మొదట తట్టిన ఉపాయం ఆ కాలమ్‌ను మళ్లీ ఎన్‌వార్‌చార్‌గా మార్చడం. అది చేయకపోవడమే మమ్మల్ని కాపాడింది. డేటాబేస్ వరుసలను డిస్కు మీద పేజీలనే ముక్కల్లో దాస్తుంది, వరుసలను తిరగరాసే ఏ ఆదేశమైనా ఆ పేజీల్లో డ్రాప్ తరువాత కూడా మిగిలి ఉన్న పాత బైట్లను చెరిపేసే ప్రమాదం ఉంది. ఇండెక్స్ రీబిల్డ్ (వరుసలను కొత్త పేజీల్లో మళ్లీ పేర్చడం) అయితే వాటిని తప్పకుండా చెరిపేస్తుంది, సర్వర్‌లోని తనిఖీ, నిర్వహణ ఆదేశాల కుటుంబమైన డీబీసీసీలో క్లీన్‌టేబుల్ అనే అధికారిక ఆదేశం ఉన్నదే డ్రాప్ చేసిన కాలమ్‌ల చోటును ఖాళీ చేయడానికి.

1. ఆదివారం రాత్రుళ్లు నడిచే నిర్వహణ జాబ్‌ను ఆపాను.
2. పూర్తి బ్యాకప్ తీసి, దాన్ని నా ల్యాప్‌టాప్‌లోని డెవలపర్ ఎడిషన్‌లో వేరే పేరుతో రీస్టోర్ చేశాను.
3. పేజీలను విప్పే పనంతా ఆ కాపీ మీదే చేశాను.

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. బ్యాకప్ పేజీలను ఉన్నవి ఉన్నట్టుగా మోసుకొస్తుంది కాబట్టి, మనకు కనిపించని పాత బైట్లు కూడా వాటితోపాటే వస్తాయి. అదే టేబుల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసినా, సెలెక్ట్‌తో వేరే టేబుల్‌లోకి నింపినా, వచ్చేది ఇప్పుడు కనిపిస్తున్న ప్రశ్నార్థకాలు మాత్రమే.

నిర్వహణ జాబ్ పదకొండు నెలలుగా ప్రతి ఆదివారం నడుస్తూనే ఉంది కదా, మరి రీబిల్డ్ ఎందుకు జరగలేదని దాని స్క్రిప్టు విప్పి చూశాను. ఛిద్రత (పేజీల క్రమం చెదరడం) 30 శాతం దాటిన ఇండెక్సులను రీబిల్డ్ చేయాలని అందులో ఉంది, కానీ 1,000 పేజీలకన్నా చిన్న ఇండెక్సుల జోలికి వెళ్లవద్దని కూడా ఉంది. ఇలాంటి స్క్రిప్టుల్లో ఆ హద్దు మామూలుగా కనిపించేదే. మా టేబుల్ అంత పెద్దది కాదు కాబట్టి పేర్లు బతికాయి.

దశ 2: లాగ్ ప్రయత్నం, వైఫల్యం

పాత విలువలను లావాదేవీల లాగ్‌లో, అంటే డేటాబేస్ తన మార్పులను రాసుకొనే ఫైలులో, వెతకాలని మొదట అనుకున్నాను. దానికి వాడే ఎఫ్‌ఎన్_డీబీలాగ్ అనే ఫంక్షన్ అధికారిక పత్రాల్లో లేనిది. రెండు నల్‌లు (విలువ లేదని చెప్పే గుర్తులు) ఇస్తే లాగ్‌లో ఇంకా చురుగ్గా ఉన్న రికార్డులన్నిటినీ, ఏ ఆపరేషనో, ఏ పేజీలోని ఏ స్లాటో (వరుస స్థానమో) చెబుతూ బయటపెడుతుంది. అసలు సర్వర్‌లో నడిపితే 212 రికార్డులు వచ్చాయి, అన్నీ ఆ రోజువే. డేటాబేస్ సింపుల్ రికవరీ (పాత లాగ్‌ను దాచి ఉంచని పద్ధతి)లో ఉంది కాబట్టి చెక్‌పాయింట్ పడ్డాక, అంటే మార్పులు డేటా ఫైలులోకి చేరాక, పాత లాగ్ చోటు తిరిగి వాడకంలోకి వెళ్లిపోతుంది. పదకొండు నెలల నాటి అప్‌డేట్ అక్కడ దొరుకుతుందనుకోవడం అత్యాశే. పాత బ్యాకప్‌లు కూడా మా దగ్గర ఏడు రోజులవే ఉంటాయి.

పోయిన సమయం: ఒక సాయంత్రం. తిరిగి వచ్చిన పేర్లు: 0.

దశ 3: పేజీలను పట్టుకోవడం

కాలమ్‌ను డ్రాప్ చేస్తే సర్వర్ మెటాడేటాలో (టేబుల్ నిర్మాణపు వివరాల్లో) ఆ కాలమ్‌కు కొట్టివేత గీస్తుందే తప్ప వరుసలను ముట్టుకోదు. అందుకే పెద్ద టేబుల్‌లో కూడా ఆ ఆదేశం క్షణంలో ముగుస్తుంది. ఈ సంగతి ఎప్పుడో చదివాను, అవసరం ఇప్పుడు పడింది.

పేజీలోని బైట్లను ఉన్నవి ఉన్నట్టుగా చూపే ఆదేశం డీబీసీసీ పేజ్. దానికోసం వాడిన ఆదేశాలు ఇవి:

1. డీబీసీసీ ట్రేస్‌ఆన్ (2588), ఆ తరువాత డీబీసీసీ హెల్ప్ ('పేజ్'). మామూలుగా దాచి ఉంచే ఆదేశాల వాక్యనిర్మాణాన్ని 2588 అనే ఈ ఫ్లాగ్ (సర్వర్ ప్రవర్తనను మార్చే మీట) చూపిస్తుంది.
2. డీబీసీసీ ట్రేస్‌ఆన్ (3604). ఇది లేకపోతే డీబీసీసీ పేజ్ ఫలితం మన విండోలోకి రాదు, పని పూర్తయిందన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. నేను ఇరవై నిమిషాలు ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను.
3. డీబీసీసీ ఐఎన్‌డీ (కాపీ, సభ్యులు, 1). క్లస్టర్డ్ ఇండెక్స్‌కు, అంటే టేబుల్ వరుసలనే క్రమంలో దాచే ఇండెక్స్‌కు, చెందిన పేజీల జాబితా ఇస్తుంది.
4. డీబీసీసీ పేజ్ (కాపీ, ఫైలు సంఖ్య, పేజీ సంఖ్య, వివరం). వివరం స్థానంలో 0 ఇస్తే పేజీ హెడర్ మాత్రమే వస్తుంది, 1 ఇస్తే వరుసవారీగా హెక్సా (బైట్లను పదహారు ఆధారంగా రాసే అంకెలు), 2 ఇస్తే పేజీ మొత్తం ముద్దగా, 3 ఇస్తే వరుసలు కాలమ్‌లుగా విడదీసి వస్తాయి.

ఐఎన్‌డీ, పేజ్ రెండూ చదివే ఆదేశాలే అయినా మైక్రోసాఫ్ట్ మద్దతు లేనివి, నడపడానికి సిస్‌అడ్మిన్ (సర్వర్ నిర్వాహకుడి) హక్కు కావాలి. ఇదే కుటుంబంలో డీబీసీసీ రైట్‌పేజ్ అని ఒకటుంది. అది పేజీలో నేరుగా రాస్తుంది, దాని జోలికి కాపీ మీద కూడా పోలేదు. కేవలం హెడర్ వివరాలు చాలనుకొనేవారికి 2019 నుంచి సిస్.డీఎం_డీబీ_పేజ్_ఇన్ఫో అనే అధికారిక ఫంక్షన్ ఉంది. మాకు కావలసింది వరుసల్లోని బైట్లు, అవి అందులో రావు.

ఐఎన్‌డీ 97 పేజీలు చూపింది: టేబుల్‌కు కేటాయించిన చోటును గుర్తుపెట్టే ఐఏఎమ్ పేజీ 1 (రకం 10), ఇండెక్స్ మూల (రూట్) పేజీ 1 (రకం 2), డేటా పేజీలు 95 (రకం 1). ఒక్కో పేజీ 8 కిలోబైట్లు కాబట్టి మొత్తం 776 కిలోబైట్లు. చోటు మిగలాలని నేను పడిన తాపత్రయం ఒక మెగాబైటు కూడా లేని టేబుల్ కోసం.

మచ్చుకు పేజీ (1:312) హెడర్ చూశాను. 8,192 బైట్లలో హెడర్ 96 పోగా మిగిలేవి 8,096. వాటిలో 64 వరుసలు 4,352 బైట్లు, పేజీ చివరన తలకిందులుగా పెరిగే స్లాట్ పట్టిక వరుసకు 2 చొప్పున 128 బైట్లు, ఎమ్_ఫ్రీకౌంట్ చూపే ఖాళీ 3,616 బైట్లు. దాదాపు సగం పేజీ ఖాళీగా ఉండడానికి కారణం ఆనాటి అప్‌డేటే. ప్రతి వరుసా పొడుగయ్యేసరికి నిండుగా ఉన్న పేజీలు రెండుగా చీలాయి.

దశ 4: ఒక్క వరుసను చేత్తో విప్పడం

వివరం 3తో అదే పేజీని తెరిస్తే మొదటి స్లాట్‌లోనే 67108865 అనే వింత సంఖ్యతో ఒక కాలమ్ కనిపించింది. దాని తార్కిక పొడవు 0, భౌతిక పొడవు 18, పక్కన "డ్రాప్డ్ = నల్" అని ఉంది. సర్వర్ దృష్టిలో అక్కడేమీ లేదు, డిస్కు మీద మాత్రం 18 బైట్లున్నాయి. సిస్.సిస్టమ్_ఇంటర్నల్స్_పార్టిషన్_కాలమ్స్ అనే వ్యూలో కూడా ఆ కాలమ్‌కు ఈజ్_డ్రాప్డ్ 1గానూ, లీఫ్_ఆఫ్‌సెట్ మైనస్ 1గానూ ఉన్నాయి. మారే పొడవున్న కాలమ్‌లలో ఇది మొదటిదని దాని అర్థం.

ఆ వరుస హెక్సాను కాగితం మీద రాసుకొని విడదీశాను. హెక్సా అంకెల్లోని అక్షరాలను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను.

1. 30 00: స్థితి బైట్లు. నల్ బిట్‌మ్యాప్, మారే పొడవు కాలమ్‌లు రెండూ ఉన్నాయని చెబుతాయి.
2. 0బీ 00: స్థిర భాగం ముగిసే చోటు, అంటే 11. నాలుగు బైట్ల ఈ తల, సభ్య సంఖ్యకు 4, చేరిన తేదీకి 3.
3. 05 00: కాలమ్‌ల సంఖ్య 5. డ్రాప్ చేసినది కూడా ఈ లెక్కలో ఉంది.
4. ఏ కాలమ్ నల్‌గా ఉందో చెప్పే నల్ బిట్‌మ్యాప్‌కు 1 బైటు.
5. 03 00: మారే పొడవున్నవి 3.
6. 28 00, 32 00, 3బీ 00: ఆ మూడూ ముగిసే చోట్లు, అంటే 40, 50, 59.

ఈ తతంగమంతా 22 బైట్లకు ముగుస్తుంది. 22 నుంచి 40 దాకా పాత పేరు, 50 దాకా ఫోన్ నంబరు, 59 దాకా కొత్త పేరు. కొత్త పేరు చోట ఉన్నవి తొమ్మిది 3ఎఫ్‌లు, ప్రశ్నార్థకం కోడ్ అదే. పాత పేరు చోట ఉన్నవి ఇవి:

05 0సీ 2ఏ 0సీ 4డీ 0సీ 2ఏ 0సీ 32 0సీ 30 0సీ 3ఈ 0సీ 1సీ 0సీ 41 0సీ

యూనికోడ్‌లో తెలుగు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటుంది, ఈ సర్వర్ చిన్న బైటును ముందు రాస్తుంది కాబట్టి 05 0సీ అంటే 0సీ05, అదే అ. తరువాత ప, పొల్లు, ప, ల, ర, ఆ గుణింతపు గుర్తు, జ, ఉ గుణింతపు గుర్తు. అప్పలరాజు! కంటికి ఐదు అక్షరాలుగా కనిపించే పేరుకు తొమ్మిది ప్రశ్నార్థకాలు ఎందుకొచ్చాయో కూడా దీనితో తేలింది. పొల్లు, గుణింతాల గుర్తులు విడివిడి కోడ్‌లు కావడం వల్ల ఒక్కొక్కటీ ఒక్కో కొక్కెం అయింది.

తిరిగి వచ్చిన పేర్లు: 1.

మరో జాగ్రత్త. అప్పలరాజు ఉన్న పేజీ మొత్తాన్ని వివరం 2తో చూస్తే, వేరే పేజీకి వెళ్లిపోయిన వరుసల పాత ప్రతులు కూడా ఖాళీ భాగంలో కనిపించాయి. పేజీ చీలినప్పుడు వరుసలు కొత్త పేజీకి వెళ్తాయి, పాత చోటు మాత్రం వెంటనే తుడిచివేయబడదు. ముద్దగా ఉన్న డంప్‌లో 0సీ కోసం వెతికి పేర్లు ఏరుకొంటే ఒకే మనిషి రెండుసార్లు వస్తాడు. స్లాట్ పట్టిక చూపిన వరుసలనే తీసుకోవాలని నిర్ణయించాను.

దశ 5: స్క్రిప్టు, నాలుగు పరుగులు

డీబీసీసీ పేజ్‌కు విత్ టేబుల్‌రిజల్ట్స్ చేరిస్తే ఫలితం పేరెంట్ఆబ్జెక్ట్, ఆబ్జెక్ట్, ఫీల్డ్, వాల్యూ అనే నాలుగు కాలమ్‌లుగా వస్తుంది, అలాంటప్పుడు 3604 ఫ్లాగ్ కూడా అవసరం లేదు. 95 పేజీలకూ దీన్ని నడిపి, ఇన్సర్ట్ ఎగ్జెక్‌తో తాత్కాలిక టేబుల్‌లోకి నింపి, ఒక్కో స్లాట్ మెమరీ డంప్ పంక్తులను కలిపి, కన్వర్ట్ శైలి 2తో వార్‌బైనరీగా (ముడి బైట్లుగా) మార్చి, 22వ బైటు నుంచి మొదటి ముగింపు వరకు కోసి ఎన్‌వార్‌చార్‌గా చదవాలన్నది పథకం.

మొదటి పరుగు: 0. కన్వర్ట్ దగ్గరే ఆగిపోయింది, హెక్సా అంకెల సంఖ్య బేసి వచ్చిందట. పంక్తుల్లో హెక్సా కాని గుర్తులన్నీ తీసేస్తే సరిపోతుందనుకున్నాను. కానీ ప్రతి పంక్తికి కుడివైపున అవే బైట్లు మామూలు అక్షరాలుగా కూడా అచ్చవుతాయి. వరుసలోని మొట్టమొదటి బైటు 30, దానికి మామూలు అక్షరం 0. ఆ సున్నా, ఆ తరువాత ఫోన్ నంబరులోని అంకెలు, అన్నీ హెక్సాలో కలిసిపోయాయి. కుడివైపు భాగాన్ని స్థానం ప్రకారం కోసేశాను.

రెండో పరుగు: 0. అన్నీ నల్‌లే వచ్చాయి. 0బీ 00ను వెనక్కి తిప్పకుండా చదవడంతో స్థిర భాగం 11కు బదులు 2,816 దగ్గర ముగుస్తుందని స్క్రిప్టు నమ్మింది. చేత్తో విప్పినప్పుడు సరిగా చదివినదాన్నే కోడ్‌లో తప్పు రాశాను. ఈ మధ్యలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది కావడంతో తాత్కాలిక టేబుల్ కూడా పోయింది. అప్పటి నుంచి మామూలు టేబుల్‌లోకే నింపుతున్నాను.

మూడో పరుగు: 3,874. పాత కాలమ్ బైట్లు ఉన్నవి 4,211 వరుసలు, మిగతా 1,127 మంది కాలమ్ డ్రాప్ అయ్యాక చేరినవారు కాబట్టి వారి వరుసల్లో వెతకడానికేమీ లేదు. చెత్త రాకుండా నేను పెట్టిన కాపలా 337 వరుసలను తిరస్కరించింది. ప్రతి రెండో బైటూ 0సీ గానీ, ఖాళీ, చుక్కల కోసం 00 గానీ అయి ఉండాలన్నది ఆ కాపలా.

తిరస్కరించిన 337లో:

1. 309 పేర్లలో 0సీ 20 అనే జంట ఉంది. మొదట ఇది బైట్ల క్రమం తప్పి వచ్చిన 0సీ అనుకొని స్క్రిప్టును అనుమానించాను, ఒక రాత్రి దానికే పోయింది. అసలది 200సీ, అంటే కంటికి కనిపించకుండా పొల్లును విడిగా నిలబెట్టే గుర్తు. రాజ్‌కుమార్ అని టైపు చేసేవారు రాజ్కుమార్ కాకుండా ఉండడానికి దాన్ని వాడతారు.
2. 11 పేర్లలో రెండో బైటు 09. అది దేవనాగరి. నౌకాదళ కుటుంబాల పిల్లలు కొందరు తమ పేర్లను హిందీలో రాసి ఇచ్చారని గ్రంథపాలకులు గుర్తు చేశారు.
3. 17 పేర్లలో ఉన్నవి 3ఎఫ్ 00లు. ఇవి పాత కాలమ్‌లోకి రాకముందే చెడిపోయినవి. యూనికోడ్ పాఠమని చెప్పే ఎన్ ఉపసర్గ పెట్టని కొటేషన్లలో పేరు పంపితే, గమ్యం ఎన్‌వార్‌చార్ అయినా సరే, ఆ పేరు ముందు డేటాబేస్ కోడ్‌పేజీలోకి మారి కొక్కెమై, ఆ కొక్కెం రెండు బైట్లుగా వచ్చి కూర్చుంటుంది. కొత్త కాలమ్‌లోని ఒంటి 3ఎఫ్‌కూ దీనికీ తేడా పేజీ తెరిస్తేనే తెలుస్తుంది, సెలెక్ట్‌లో రెండూ ఒక్కలాగే ఉంటాయి.

నాలుగో పరుగు, కాపలా సడలించాక: 4,194.

ఇప్పటి లెక్క: చెడిపోనివి 846, తిరిగి వచ్చినవి 4,194, కాగితం నుంచి ఎక్కించవలసినవి 1,127 + 17 = 1,144. మొత్తం 6,184.

వరుసగా సంఖ్య వేసుకొంటూ వెళ్లి, ప్రతి 40వ పేరును సభ్యత్వ ఫారాలతో పోల్చి చూశాం, 104 పేర్లు. గ్రంథపాలకులు ఫారం చదివారు, నేను తెర చూశాను. ఒక్కటీ తేడా రాలేదు, ఒక్క ఫారం మీద మాత్రం సభ్యుడి పేరే తప్పు రాసి ఉంది.

దశ 6: అసలు సర్వర్‌లో పెట్టడం, కొలతలు

వెనక్కి పెట్టేముందు పేరు కాలమ్ ఏ రకంగా ఉండాలో మళ్లీ ఆలోచించాను, చోటు గురించి ఈసారి కొలిచి మరీ. 2019లో వార్‌చార్‌కు యూటీఎఫ్-8 (యూనికోడ్‌ను మారే పొడవు బైట్లలో రాసే పద్ధతి) కొలేషన్ పెట్టుకొనే వీలుంది. కానీ యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కు 3 బైట్లు పడతాయి. అప్పలరాజుకు ఎన్‌వార్‌చార్‌లో 18, యూటీఎఫ్-8లో 27. ఇంగ్లిషు లిపిలోని 846 పేర్లకు సగం మిగిలినా, మిగతా అందరికీ ఒకటిన్నర రెట్లు. ఎన్‌వార్‌చార్‌కే ఓటు వేశాను.

1. బ్యాకప్ ఫైలును వేరే డిస్కులోకి కాపీ చేసి, దాన్ని చెరపవద్దని దాని పేరులోనే రాశాను.
2. అసలు టేబుల్‌కు ఎన్‌వార్‌చార్ కాలమ్ చేర్చి, సభ్య సంఖ్య ప్రకారం 4,194 పేర్లు, వార్‌చార్ కాలమ్ నుంచి 846 పేర్లు నింపాను.
3. 1,144 వరుసల్లో నల్ ఉంచాను, ప్రశ్నార్థకాలు మళ్లీ ఎక్కడా ఉండకూడదని.
4. వార్‌చార్ కాలమ్‌ను డ్రాప్ చేసి, ఈసారి వెంటనే ఇండెక్స్ రీబిల్డ్ చేశాను.
5. నమోదు స్క్రీన్ వెనక ఉన్న క్వెరీలో ఎన్ ఉపసర్గ లేని చోటు ఒకటి దొరికింది, దాన్ని పారామీటరుగా మార్చాను.

రీబిల్డ్ తరువాత ఐఎన్‌డీ చూపినవి 42 పేజీలు, అంటే 336 కిలోబైట్లు. చోటు ఆదా కోసం నేను మార్చాక ఈ టేబుల్ 97 పేజీలు తింటూ ఉంది. చీలిన పేజీల్లోని ఖాళీ, డ్రాప్ చేసినా కదలని పాత పేర్లు, వాటి పక్కనే కొక్కేలు, ఇవన్నీ కలిసి.

దశ 7: కాగితాలు

ఫారాల కట్టలు మేడ మీది గదిలో ఉన్నాయి. సముద్రం గాలికి పిన్నులన్నీ తుప్పు పట్టి, తీసేటప్పుడు కాగితం కూడా చిరుగుతోంది, అందుకే పిన్ను తీయకుండా పక్కకు మడిచి ఫొటో తీస్తున్నాం. ఇద్దరం కూర్చుంటే గంటకు 70 పేర్లు ఎక్కుతున్నాయి. మొదటి రెండు ఆదివారాల్లో రోజుకు నాలుగు గంటల చొప్పున 560 పూర్తయ్యాయి.

ఇప్పటి లెక్క: 846 + 4,194 + 560 = 5,600. మిగిలినవి 584. వాటిలో 17 ఫారాలు కొత్త కట్టల్లో ఉండవు, పాత బీరువా తీయాలి, దాని తాళం చెవి గ్రంథపాలకుల ఇంట్లో ఉంది.